ఆదివారం అడిగిన మనుషులు

ఆదివారం తెల్లవారే వేళ పటాన్‌చెరువు నుంచి సంగారెడ్డి వైపు సాగే రహదారి మీద రెండు రకాల జనం కనిపిస్తారు. రాత్రి షిఫ్టు ముగించుకొని, నిద్రలేని కళ్లతో కర్మాగారపు గేటు దాటి వచ్చేవారు ఒక రకం. తలంటి పోసుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని, చంకలో బైబిలుతో, పిల్లల చేతులు పట్టుకొని ఆరాధనకు బయలుదేరేవారు మరొక రకం. ఒక్కొక్కప్పుడు ఈ ఇద్దరూ ఒకే మనిషి. రాత్రంతా యంత్రం పక్కన నిలబడినవాడే, ఇంటికి వెళ్లి ముఖం కడుక్కొని, పాటల పుస్తకం చేతబట్టుకొని, రేకుల కప్పు కింద పరచిన చాప మీద వచ్చి కూర్చుంటాడు.

ఈ సీమకు కర్మాగారాలు వచ్చి ఎంతో కాలం కాలేదు. 1960ల దశకంలో రామచంద్రాపురాన భెల్ సంస్థ వెలసింది. 1972లో పటాన్‌చెరువు వద్ద మెట్ట పంటల పరిశోధన కోసం ఇక్రిశాట్ ఏర్పడింది. పిమ్మట పటాన్‌చెరువు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు ఒకదాని వెంట ఒకటి పెరిగాయి. చుట్టుపట్ల పల్లెలవారే గాక ఒడిశా, బీహారు, ఝార్ఖండు మున్నగు దూరప్రాంతాలవారు కూడ ఇక్కడికి పనికి వచ్చారు. వీరందరికీ వారంలో ఒక దినం విశ్రాంతి ఉండాలన్న మాట నేడు వింతగా తోచదు. 1948 నాటి కర్మాగారాల చట్టం వారపు సెలవును శాసించింది. ఆదివారమో, దానికి మారుగా మరొక రోజో కార్మికునికి దక్కాలన్నది. కాని ఈ చట్టానికి ఎనభై యేండ్లు ముందు, ఇదే తెలుగు నేల మీద, ఆదివారం అడిగిన పాపానికి చాకలి, కుమ్మరి, పచ్చికబీడు, పంటలో మేర ఇవన్నీ ఒక్కసారిగా పోగొట్టుకున్న మనుషులు ఉన్నారు. విశ్వాసంలో ధైర్యమంటే ఏమిటో తెలుసుకోగోరేవారు వారి కథ వినవలె.

అంతా చెప్పివేయుట

ధైర్యమనే గుణానికి మన సాహిత్యంలో లోటు లేదు. ధీరోదాత్తుని లక్షణాలు అలంకారశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినవే. అయితే మన కావ్యాలలోని ధైర్యం చాలవరకు కత్తి పట్టినవాని సొత్తు. క్రైస్తవ గ్రంథంలో ధైర్యమని తెలుగు చేసిన ఒక మాటకు పుట్టుక వేరు. అపొస్తలుల కార్యముల నాలుగవ అధ్యాయంలో పేతురు, యోహాను అనే ఇద్దరు యెరూషలేము పెద్దల సభ ముందు నిలబడతారు. వారికి చదువు లేదు, వంశ ప్రతిష్ఠ లేదు. అయినా వారు మాట్లాడే తీరు చూసి సభవారు విస్తుపోతారు. అక్కడ గ్రీకు మూలంలో ఉన్న పదం ‘పర్రేసియా’. దానికి వ్యుత్పత్తిని బట్టి వచ్చే అర్థం అంతా చెప్పివేయుట.

ఈ పదం మతగ్రంథాలలో పుట్టినది కాదు. ప్రాచీన ఏథెన్సు నగరపు రాజకీయ జీవితంలో పుట్టినది. సభలో లేచి, మనసులోని మాట దాచుకోకుండా పలకడం అక్కడ స్వతంత్ర పౌరుని హక్కు. బానిసకు ఆ హక్కు లేదు. మన వాడుకలో ‘నోరున్నవాడు’, ‘నోరులేనివాడు’ అనే మాటలు ఈ భావానికి మిక్కిలి దగ్గరగా ఉన్నాయి. అంటే క్రైస్తవంలోని ధైర్యం మొదట ఒక శూరుని పరాక్రమం కాదు. నోరులేనివానికి నోరు రావడం. ఈ అర్థాన్ని మనసులో ఉంచుకొని చూస్తే మన ప్రాంతపు చరిత్ర కొత్త వెలుగులో కనబడుతుంది.

మెదకు గోపురం

సంగారెడ్డి 2016లో వేరు జిల్లా అయినది. అంతకు పూర్వం అది మెదకు జిల్లాకు ముఖ్యపట్టణం. కనుక ఈ సీమలో క్రైస్తవాన్ని గూర్చి మాట్లాడేవారు ఎవరైనా ముందుగా చూపు సారించేది ఉత్తరాన ఉన్న మెదకు దేవాలయం వైపే. దాని గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. లోపల దాదాపు అయిదువేల మంది పట్టుతారు. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల గుండా పగటి వెలుగు నేల మీద పడుతుంటే చూడడానికి అన్ని మతాలవారూ వస్తారు. ఇంగ్లండునుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఈ నిర్మాణానికి పూనుకున్నారు. 1914లో మొదలైన పని పది సంవత్సరాలు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 నాటికి నూరేండ్లు నిండాయి.

అవి కరవు రోజులు. ఊరికే గింజలు పంచి పెట్టడం కంటె పని కల్పించి తిండి పెట్టడం మేలని తలచి దొరగారు ఈ కట్టడాన్ని సాగించారని ప్రసిద్ధి. రాళ్లు మోసినవారు, సున్నం నూరినవారు, నీళ్లు చేదినవారు చుట్టుపట్ల పల్లెల పేదలు. ఆ కట్టడం వారి ఆకలిని తీర్చింది. ఇది గొప్ప సంగతే. అయినా దేవాలయం ఎదుట నిలబడిన విద్యార్థి అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. దొరకు పేరు మిగిలింది. కూలి చేసిన పల్లెవాడు తన ఊరికి తిరిగివెళ్లి, ‘నేను క్రైస్తవుణ్ణి’ అని చెప్పినప్పుడు ఏమయింది?

అది నిజాం రాజ్యం. ఊరి పెద్దలకు వెట్టి చేయడం మాల మాదిగలకు పుట్టుకతో వచ్చిన విధి. పోచమ్మ, మైసమ్మ కొలుపులలో డప్పు కొట్టడం, చచ్చిన పశువును ఈడ్చివేయడం, కబురు మోయడం వారి వంతు. అట్టి ఊరిలో మతం మారడం పేరు మారడంతో ముగిసే వ్యవహారం కాదు. పి. వై. లూకా, జాన్ కార్మన్ అనే పండితులు మెదకు మండలంలోని జంగరాయి ప్రాంతపు పల్లె క్రైస్తవులను పరిశీలించి వ్రాసిన గ్రంథం 1968లో వెలువడింది. ఊరి ఆచారాలకు, కొత్త విశ్వాసానికి నడుమ ఆ జనం ఎట్లు జీవిస్తున్నారో అందులో కనిపిస్తుంది. గుడికి వెళతారు, ప్రార్థన చేస్తారు, అయితే ఊరి కట్టుబాట్ల నుంచి ఒక్క పెట్టున తెగిపోయి రాలేరు. వారిని పిరికివారనడం చల్లని నీడలో కూర్చున్నవానికి సులభమే. ఏ పనికి నిరాకరిస్తే ఏ ముద్ద పోతుందో లెక్క తెలిసినవాడు మాత్రం అట్లా అనడు.

ఆ లెక్క పూర్తిగా చెల్లించినవారి కథ మెదకులో కంటె ఒంగోలు సీమలో వివరంగా వ్రాసి ఉన్నది. అందువల్ల ఇక్కడి పల్లెలలో వ్రాతకెక్కని బతుకులను అర్థం చేసుకోవడానికి ఒకసారి అక్కడికి పోయి రావలె.

పేరయ్య తెచ్చిన కబురు

అమెరికను బాప్తిస్టు మిషను 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టింది. నెల్లూరు దానికి కేంద్రం. మూడు దశాబ్దాలు గడిచినా ఫలితం స్వల్పం. ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు వద్ద కొండ ఎక్కి ప్రార్థించిన సంగతి నేటికీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. కాని ఆ ప్రార్థన ఫలించడానికి కారణమైనవాడు మిషను బడిలో చదివినవాడు కాదు. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య.

పేరయ్య మాదిగ. రాజయోగ సాధకుల సాంగత్యంలో తిరిగి, దేవుడొక్కడే అన్న తత్త్వాన్ని వెదకినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరులో అలెగ్జాండర్ అనే మిషనరీ బోధ విన్నాడు. తాను వెదకుతున్నది ఇదేనని అతనికి తోచింది. ఇంటికి వచ్చి ముందుగా భార్య నాగమ్మకు చెప్పాడు. తరువాత తనవారికి, తోళ్లు కొనే ఊళ్లలో తన వంటివారికి చెప్పాడు. 1866లో జ్యూయెట్ దొర అతనికి బాప్తిస్మమిచ్చాడు. అప్పటికి అతని ప్రాంతంలో మిషనరీ లేడు, బడి లేదు, గుడి లేదు, జీతం లేదు. ఎవరో పంపగా అతడు ప్రచారానికి వెళ్లలేదు. దాహం తీరినవాడు బావి ఎక్కడ ఉన్నదో చెప్పకుండా ఉండలేడు గదా! విశ్వాసాన్ని పంచుకొనడమనే మాటకు ఇంతకంటె సహజమైన ఉదాహరణ దొరకదు.

ఆ సంవత్సరమే జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలుకు మకాం మార్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్లి చెట్లనీడన డేరా వేశాడు. చుట్టుపట్ల ఊళ్ల నుంచి జనం వంటకుండలు, మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చి అయిదు రోజులు అక్కడే ఉన్నారు. చివరకు 28 మంది బాప్తిస్మం పొందారు. వారికి క్లౌ దొర చెప్పేందుకు పెద్ద సిద్ధాంతాలు ఏమున్నాయని! ఆయన వారి ముందు మూడు నియమాలు పెట్టాడు.

మూడు నియమాలు

ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. వినడానికి ఇవి చిన్న మాటలు. కాని మాదిగవాడు ఊరికి చేసే ఊడిగమంతా ఈ మూడింటిలోనే ఇమిడి ఉన్నది. రైతు కపిల బావికి తోలు తొండం కుట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు, కళ్లంలో పనిచేసేవాడు అతడే. ఆ పనులకు ప్రతిఫలం నెలజీతం కాదు. కోతల నాడు కళ్లంలో కొలిచి ఇచ్చే గింజలు. పని ఏ దినం చేయాలో, ఎంతసేపు చేయాలో ఆజ్ఞాపించేది రైతు. చచ్చిన పశువు తోలు అతని వృత్తికి ముడిసరుకు, దాని మాంసం కరవునాటి తిండి. అమ్మవారి జాతరలో అతని డప్పు మోగకపోతే కొలుపు సాగదు.

అటువంటివాడు ఒకనాడు నిలబడి, ‘దొరా, ఆదివారం రాను. శనివారం చీకటిపడే దాకా చేస్తాను, సోమవారం కోడి కూయకముందే వస్తాను. ఆదివారం మాత్రం నా దేవునిది’ అంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏథెన్సు సభలో పౌరుడు పలికిన పలుకు కంటె అది పెద్ద పలుకు. తన కాలం మీద, తన ఒంటి మీద తనకు కొంత హక్కు ఉన్నదని తరతరాలుగా నోరెత్తని మనిషి చెప్పిన మొదటి మాట అది.

ఊరి కోపానికి కూడ కారణం లేకపోలేదు. డప్పు మోగక జాతర చెడితే అమ్మవారు ఆగ్రహిస్తుందని, కలరా మశూచికాలు ఊరి మీద పడతాయని వారి భయం నిజమైన భయమే. కళ్లంలో పని ఆగితే నష్టమూ నిజమే. కాని ఆ కోపం పరిణమించిన రీతి క్రూరమైనది. క్రైస్తవులైన మాదిగలకు బట్టలు ఉతకవద్దని చాకలికి, కుండలు అమ్మవద్దని కుమ్మరికి కట్టడి చేశారు. వారి పశువులను ఊరి బీడు నుంచి తరిమివేశారు. చెప్పులు, పలుపులు కుట్టే పని వారికి ఇవ్వకూడదని రైతులు ఏకమయ్యారు. పంట కాలంలో కళ్లంలోకి రానివ్వక గింజలు లేకుండా చేశారు. ఒక్క ఆదివారానికి ఇంత వెల!

అయినా వారు నిలబడ్డారు. కర్ర ఎత్తలేదు, గడ్డివాములకు నిప్పు పెట్టలేదు. ‘రాము’ అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఈ ధైర్యానికి వేదిక లేదు, చప్పట్లు లేవు. అడగవలసిన వాని ముఖం చూసి అడగడం, దాని ఫలితాన్ని తన కడుపున భరించడం మాత్రమే ఉన్నది.

ఆ రోజులలోనే క్లౌ దొరకూ ఒక పరీక్ష ఎదురైంది. పై కులాలవారిలో కొందరు ఆయన బోధ వినడానికి వస్తున్నారు, తమ పిల్లలను బడికి పంపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. పలుకుబడి, చదువు, ధనం గలవారు ఒకవైపు. తోళ్ల వాసన వేసే పేదలు మరొకవైపు. ఆయన, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరువగా ఇద్దరికీ పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో బలహీనులను గూర్చిన భాగమే కనబడినదని ఆయన తరువాత చెప్పుకున్నాడు. మాదిగలను విడిచిపెట్టరాదని నిశ్చయించుకున్నాడు. బలవంతుల ఆదరణ చేతికి అందుతున్న వేళ దానిని కాదనడం కూడ ధైర్యమే.

కాయలు కాచిన చేతులు

1876లో దక్షిణాపథమంతటా మహాకరవు వచ్చింది. 1878 వరకు సాగిన ఆ కాటకంలో మద్రాసు రాజధానిలోను, మైసూరు, హైదరాబాదు రాజ్యాలలోను లక్షలాది మంది మరణించారు. అప్పుడు ప్రభుత్వం కరవు పనిగా కాలువ తవ్విస్తున్నది. అదే బకింగ్‌హాం కాలువ. యవ్వనంలో అమెరికాలో భూముల సర్వే పని నేర్చిన క్లౌ దొర మూడున్నర మైళ్ల తవ్వకానికి గుత్త తీసుకున్నాడు. తన సంఘపు బోధకులనే మేస్త్రీలుగా నియమించాడు. క్రైస్తవులే గాక అన్ని కులాల ఆకలిగొన్నవారు అక్కడ చేరారు. పగలు మట్టి తట్టలు, మధ్యాహ్నం చెట్టునీడన బోధకుల మాటలు, పొద్దుగూకితే కూలి డబ్బులు.

వినే జనంలో వందలకొద్ది మంది బాప్తిస్మం కోరారు. సంఖ్యలు కోరేవానికి ఇంతకంటె మంచి అదను రాదు. కాని క్లౌ దొర అంగీకరించలేదు. పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవాడు పలికే ‘నమ్ముతున్నాను’ అనే మాటలో నమ్మకమెంతో, అన్నమెంతో తేల్చడం ఎవరి తరమూ కాదు. ‘బియ్యం క్రైస్తవులు’ అన్న నింద ఆనాడే ఉన్నది. ఆ నిందకు ఆయన వాదంతో బదులివ్వలేదు, నిరీక్షణతో బదులిచ్చాడు.

1878 మధ్యలో సహాయపు పనులు ముగిశాయి. అయినా జనం వచ్చారు. ఇవ్వడానికి తన వద్ద ఇక ఏమీ లేదని, ఇళ్లకు పొమ్మని ఆయన చెప్పాడు. వారు పోలేదు. సహాయం కోసం రాలేదని, తమ కష్టం తామే చేసుకోగలమని చెబుతూ, పార పట్టి బొబ్బలెక్కిన అరచేతులు చూపించారు. చివరకు ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద జులై మాసంలో బాప్తిస్మాలు మొదలయ్యాయి. జులై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది నీటిలో దిగారు. బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఆ పని నిర్వహించారు. ఆ సంవత్సరాంతానికి చేరినవారి సంఖ్య 9,606.

చరిత్ర పుస్తకాలు ఈ అంకెలను పెద్ద అక్షరాలతో వ్రాస్తాయి. కాని ఆ 2,222 అనే అంకె కంటె దాని వెనుక ఉన్న పదిహేను నెలలే ఘనమైనవి. తన విశ్వాసాన్ని ఇతరులకు చెప్పగలగడం ధైర్యం. ఎదుటివాడు నిస్సహాయుడై ఉన్నప్పుడు అతని నిస్సహాయతను వాడుకోకుండా ఆగడం అంతకు మించిన ధైర్యం. మొదటిదానికి నోరు కావాలి. రెండవదానికి నోరు కట్టుకొనే బలం కావాలి.

తనవారి ఎదుట

పరుల ఎదుట ధైర్యంగా మాట్లాడేవారు కొందరు ఉంటారు. తనవారి ఎదుట మాట్లాడగలవారు అరుదు. 1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, తెలుగు నేర్చి, దోర్నకల్‌లో పనిచేస్తున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు అక్కడ మాట్లాడారు. సభలో అధిక సంఖ్యాకులు పాశ్చాత్య మిషనరీలు. ఆయనకు ఆతిథ్యమిచ్చినవారు, ఆయన పనికి చేయూత ఇచ్చినవారు వారే. మీరు ధనమిచ్చారు, ప్రాణాలర్పించారు, అయితే మమ్ము సమానులుగా భావించి స్నేహం ఇవ్వలేకపోయారని ఆయన వారి ముఖం మీదనే చెప్పారు. సభ కలవరపడింది. 1912 డిసెంబరులో కలకత్తాలో అభిషేకం పొంది ఆయన భారతీయులలో తొలి ఆంగ్లికను బిషపు అయినారు. 1945లో కన్నుమూసే వరకు దోర్నకల్‌లోనే ఉన్నారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి దేవాలయంలో హిందూ, ముస్లిము శిల్పరీతులు క్రైస్తవ ఆరాధనకు చోటిచ్చాయి.

సాహిత్యంలో ఇదే ధైర్యానికి మనకు తెలిసిన పేరు గుర్రం జాషువ. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయన అంటరానివాడని సవర్ణుల సభలలో అవమానాలు పొందాడు. పురాణగాథలపై పద్యాలు వ్రాస్తున్నాడని తన మతంవారి కోపానికి కూడ గురి అయినాడు. ఇరువైపులా వాత పడినా కలం ఆపలేదు. 1941 నాటి ‘గబ్బిలం’లో గుడిలోకి అడుగుపెట్టే వీలులేని పేదవాడు తన గోడును కాశీలోని శివునికి ఒక గబ్బిలం ద్వారా పంపుతాడు. పుట్టుకచే క్రైస్తవుడైన కవి ఈ కావ్యం వ్రాశాడు. ఆయనే ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందాడు. పంక్తికి బయట నిలిపివేయబడిన మనిషి నోట పలుకు వచ్చినప్పుడు అది ఒక్క మతానికి చెందిన పలుకుగా మిగిలిపోదు.

నేటి ఆదివారం

నేడు కాలం మారింది. రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రతి మనిషికి అంతరాత్మ స్వేచ్ఛను, తన మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకొనే హక్కును ఇచ్చింది. శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యానికి లోబడి ఆ హక్కు ఉంటుందన్నది. 1977లో స్టానిస్లాస్ అనే క్రైస్తవ గురువు దావాలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ప్రచారమంటే తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాపింపజేయడమే గాని మరొకరిని మతం మార్చే హక్కు కాదని నిర్ణయించింది. ఎదుటివాని మనస్సుకు కూడ అంతే స్వేచ్ఛ ఉన్నదని దీని సారాంశం. గుండ్లకమ్మ ఒడ్డున పాటించిన పదిహేను నెలల సంయమనానికి ఈ మాటకు దగ్గరి చుట్టరికం ఉన్నదని అనవచ్చును.

కాని ధైర్యానికి వెల చెల్లిపోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వును సవరించారు గాని క్రైస్తవులకు సవరించలేదు. మన తెలుగు రాష్ట్రాలలో వారిని వెనుకబడిన తరగతులలోని ‘సి’ వర్గంలో చేర్చారు. ఇది సబబా కాదా అన్న వాదం న్యాయస్థానాలలోను, బయటా సాగుతూనే ఉన్నది. ఆ వాదం ఎట్లా తేలినా, నాలుగు ధ్రువపత్రాలు నింపవలసిన పేద విద్యార్థికి ‘మతం’ అన్న గడి ముందు కలం ఆగుతుంది. ఆ గడిలో నిజం వ్రాస్తే ఏది పోతుందో వాని తండ్రికి తెలుసు. కళ్లం గింజలు పోతాయని తెలిసిన పేరయ్య బంధువులకు, ఈ తండ్రికి మధ్య ఎడం ఎంతో లేదు.

పారిశ్రామికవాడలో ధైర్యానికి మరొక రూపం ఉన్నది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారిలో అనేకులు దూరరాష్ట్రాల నుంచి వచ్చిన పేదలు. అటువంటి చోట్ల పనిచేసేవానికి విశ్వాసం ఆదివారం పాటలతోనే తీరిపోదు. గొట్టం కారుతుంటే కారుతున్నదని పైవానికి చెప్పవలె. పక్కవాడు భాష రాని బిహారీ అయితే వాని తరఫున తాను నోరు విప్పవలె. ఆసుపత్రిలో దిక్కులేక పడి ఉన్నవానికి, వాని దేవుడెవరని అడగకుండా, గంజి పట్టుకొని పోవలె. అప్పుడు వాడే ‘నీవెందుకింత చేస్తున్నావు?’ అని అడిగితే దాచకుండా జవాబు చెప్పవలె. అంతా చెప్పివేయుట అనే ఆ పాత గ్రీకు మాటకు ఇక్కడి అర్థం ఇదే.

ధ్వనివర్ధకాలు పెట్టి ఊరు దద్దరిల్లేలా అరవడం కష్టం కాదు. దానికి విద్యుచ్ఛక్తి చాలును. ఇతర మతాలను తూలనాడడం అంతకన్నా సులభం. దానికి అజ్ఞానం చాలును. ధైర్యాన్ని తూచే త్రాసు వేరే ఉన్నది. ఈ మాటకు వెల ఎవరు చెల్లిస్తున్నారు? చెప్పేవాడా, వినేవాడా? చెప్పేవాడే చెల్లిస్తే అది సాక్ష్యం. వినేవానిచేత చెల్లింపజేస్తే అది దౌర్జన్యం. ఈ త్రాసు క్రైస్తవులకే కాదు, తన విశ్వాసాన్ని నలుగురిలో చెప్పుకోగోరే ప్రతివారికీ చెల్లుతుంది.

ఉపాధ్యాయులు చరిత్ర పాఠంలో మెదకు దేవాలయం పొడవు వెడల్పులు చెప్పేటప్పుడు దాని రాళ్లు మోసినవారిని కూడ ఒక్క క్షణం పిల్లలకు గుర్తు చేయగలరు. వారపు సెలవు ఎట్లా వచ్చిందని ఏ విద్యార్థి అయినా అడిగితే, 1890లో బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు సాధించిన నారాయణ మేఘాజీ లోఖండేగారి పేరుతో పాటు, అంతకు ఇరవై యేండ్ల పైచిలుకు ముందే ఒంగోలు సీమలో చెప్పులు కుట్టుకొనేవారు ఆ దినాన్ని అడిగారని చెప్పవచ్చును. వారికి సంఘం లేదు, చట్టం లేదు, పత్రిక లేదు. ఒక నమ్మకం ఉన్నది, ఒక నోరు వచ్చింది.

రాత్రి షిఫ్టు ముగిసి పటాన్‌చెరువు గేటు దాటే మనిషి ఏ దేవుని నమ్మినవాడైనా కావచ్చు. వాడు ఇంటికి పోయి కాళ్లు చాపుకొనే ఆ ఒక్క దినం వెనుక, ‘ఈ దినం నాది కాదు, నీదీ కాదు, దేవునిది’ అని భూస్వామి ముఖాన చెప్పగలిగిన పామరుల పలుకు కూడ కొంత ఉన్నది.